కురిడీ గది

నడిపిలంక,
జూలై 6.

అక్కయ్యకి, తమ్ముడు చంద్రరావు నమస్కారాలు.

పోయినసారి నువ్వు ఫోను చేస్తే నేను ఊఁ ఊఁ అని పెట్టేశానని నీకు కోపం వచ్చిందట. మీవాడు మురళీకృష్ణ చెప్పాడు. కోపం వద్దు. ఫోన్లో నాకు మాట రాదని నీకు తెలుసు. కుడిచెవి కూడా సరిగా వినపడటం లేదు. కాగితం మీదైతే ఆలోచించుకుని రాస్తాను. నువ్వూ రాయి.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. పెంకుటిల్లు నిరుడు గాలివానకి కూలిపోయింది కదా, కురిడీకి ఎండబెట్టే కొబ్బరికాయ ఈసారి డాబాలో వెనకగదిలో పెట్టాం. నా దగ్గర కర్ర నేర్చుకున్న సత్తియ్య ఇనప కమ్మీలు వేసి అటక కట్టాడు. కాయ బాగానే ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే కొన్నింట్లో లోపలి కొబ్బరి అప్పుడే విడిపోయి ఆడుతోంది. దసరా దాటాక దించితే మంచి కురిడీ అవుతుంది. చెమ్మ తగలకుండా అటక కింద కొబ్బరి డొక్కలు వేసి పొగ పెడుతున్నాను. నాన్న పెట్టినట్టే. నిప్పు చూసుకోవాలి కాబట్టి నేనూ ఆ గదిలోనే మంచం వేసుకున్నాను. రామతులసి ముందుగదిలో పడుకుంటుంది.

అడగాలనుకున్నది వేరే. నాకు ఈమధ్య ఒంట్లో ఓపిక ఉండటం లేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. పొద్దున్నే బస్కీలు తీస్తాను కదా, సగంలోనే కాళ్ళు ఆగిపోతున్నాయి. రామతులసి కళ్ళాపి చల్లుతూ లెక్కపెడుతుంది. పెళ్ళయిన కొత్తలో నేను దొంగలెక్క చెబుతున్నానని మొదలుపెట్టింది, ఇప్పటికీ మానలేదు. మొన్న చెంబు కింద పెట్టి, "ఏంటండీ, ఇంకా ఉన్నాయి కదా" అంది. ఇవాళ్టికి చాల్లే అన్నాను. అలా అనటం అదే మొదటిసారి.

కర్రసాముకి కర్ర తిప్పుతుంటే మణికట్టులో పట్టు ఉండటం లేదు. దసరాకి అమలాపురంలో అమ్మవారి వాహనం ముందు మొదటి కర్ర నాదే కదా. గురువుగారు పోయిన దగ్గర్నుంచి ఒక్క ఏడు తప్పలేదు. ఈలోగా సర్దుకోవాలి.

నీకు నీరసంగా ఉన్నప్పుడు ఏం తాగేదానివి. రాయి.

తమ్ముడు
చంద్రరావు


సామర్లకోట,
జూలై 15.

చంద్రానికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం చేతికిస్తూ పోస్టుమాన్ గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఈ రోజుల్లో కూడా ఉత్తరాలు రాసేవాళ్ళున్నారా అండీ అని అడిగాడు. మా తమ్ముడికి దేవుడు నోరివ్వటం మరిచిపోయాడు బాబూ, అందుకని రాస్తాడు అన్నాను. నవ్వుకుంటూ పోయాడు. నవ్వితే నవ్వనీ. నువ్వు రాసింది మాత్రం నాకు నవ్వులాటగా లేదు.

డెబ్బై దాటిన మనిషి బస్కీలు తీస్తుంటే కాళ్ళు ఆగిపోక ఏం చేస్తాయని మా మురళి అన్నాడు. వాడికి నీ సంగతి తెలియదు. మెట్లెక్కితే ఆయాసపడే రకం. మీ బావగారి సంవత్సరీకానికి వచ్చినప్పుడు మా మేడ మీద నువ్వు కర్ర తిప్పుతుంటే, ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చే కుర్రాళ్ళు బళ్ళు ఆపి చూశారు. అది నిన్నగాక మొన్నటి మాట. అలాంటి మనిషి ఉన్నట్టుండి చాల్లే అన్నాడంటే ఏదో ఉంది.

రాగిజావ తాగు. నువ్వులూ బెల్లం దంచుకుని పొద్దున్నే ఒక ఉండ తిను. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వెనకగది కిటికీ గోదావరి పాయ వైపు కదా. రాత్రిపూట ఆ తడిగాలి ముసలి ఒంటికి మంచిది కాదు. ఒకసారి ఎముకల్లో దూరిందంటే నెలల తరబడి పోదు. కిటికీ గట్టిగా బిగించుకో. తలుపు కింద సందులో గోనెపట్టా కుక్కు. వెచ్చగా పడుకో.

మీ ఆవిడ ఏం వండి పెడుతోంది? అడిగినప్పుడల్లా అన్నీ అంటావు. ఆవిడ వంట నాకెప్పుడూ పలచగానే కనపడుతుంది. ఏటికి అవతలివాళ్ళు నూనె కూడా కొలుచుకుని పోస్తారు. నేను అన్నానని చెప్పకు. చెప్పినా నాకేం భయం లేదు.

అక్క
సీతారామలక్ష్మి


నడిపిలంక,
ఆగస్టు 4.

అక్కయ్యకి నమస్కారాలు.

నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. జావ తాగుతున్నాను. కిటికీ బిగించాను. తలుపు కింద గోనె కుక్కాను. గది వెచ్చగా ఉంది. కాయకి కూడా అదే మంచిది.

డొక్క పొగ మానేశాను. పెంకుటింట్లో అయితే పెంకుల సందుల్లోంచి పొగ దానంతట అదే పోయేది. ఈ డాబాలో పోవటానికి దారి లేదు. ముందుగదిలోకి వచ్చి రామతులసికి దగ్గు పట్టుకుంది. గోడలు నల్లబడ్డాయి. అందుకని ఇప్పుడు కొబ్బరి చిప్పబొగ్గు కుంపట్లో వేసి మంచం పక్కన పెడుతున్నాను. ఎర్రగా కాలుతుంది. పొగ రాదు, వాసన కూడా ఉండదు. తెల్లారేదాకా వేడి నిలుస్తుంది. ఇంత సుఖమైన పని నాన్నకి ఎందుకు తోచలేదో. పక్కింటి వీరదుర్గ వచ్చి చూసి, వాళ్ళ కాయకి కూడా ఇలాగే పెడతానంది.

ఓపిక మాత్రం రాలేదు. ఇంకా తగ్గింది. పొద్దున లేచేసరికి తల బియ్యం బస్తాలా ఉంటోంది. వాంతి వచ్చేలా ఉంటుంది, రాదు. రాత్రి ఒకటి రెండుసార్లు దొడ్లోకి లేస్తాను కదా, బయట నిలబడితే కాసేపు హాయిగా ఉంటుంది. అక్కడే అరుగు మీద కూర్చుండిపోవాలనిపిస్తుంది. దోమలు. మళ్ళీ లోపలికి వెళ్ళి పడుకుంటాను.

కర్ర ముట్టుకుని చాలా రోజులైంది. గోడకి ఆనించి ఉంది. రామతులసి దాన్ని తుడిచి, నూనె రాసి, మళ్ళీ అక్కడే పెడుతోంది.

ఇంకో సంగతి. అటక మీద పిల్లి ఈనింది. ఎలకలు రావులే అని నేను తరమలేదు. నిన్న పొద్దున చూస్తే తల్లీ పిల్లలూ ఒకదాన్నొకటి అంటుకుని చచ్చిపోయి ఉన్నాయి. ఒంటి మీద దెబ్బ లేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాయి. ఎవరో ఎలకలమందు పెట్టి ఉంటారు, మందు తిన్న ఎలకని ఇది తిని ఉంటుంది అన్నాను. "పిల్లలు ఇంకా కళ్ళే తెరవలేదు కదండీ, అవేం తిన్నాయి" అంది రామతులసి. కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాం. ఆపూట తను అన్నం తినలేదు.

చంద్రరావు


సామర్లకోట,
ఆగస్టు 12.

చంద్రానికి అక్క ఆశీస్సులు.

పిల్లి సంగతి చదివిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగటం లేదు. ఇంట్లో తిరిగే ప్రాణి అలా పోవటం మంచి సూచన కాదు. నువ్వు సూచనలు నమ్మవు. సరే, సూచన మాట పక్కన పెడతాను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ పిల్లికి పాలు ఎవరు పోసేవారు? నీకు జావ కాచేది ఎవరు? పోసిన చెయ్యీ కాచిన చెయ్యీ ఒకటే కదా. కావాలని చేస్తోందని నేను అనటం లేదు. పురుగుమందు డబ్బాలూ ఉప్పు డబ్బాలూ ఒకే గూట్లో పెట్టే మనుషులుంటారు. అమ్మ ఆఖరి రోజుల్లో కూడా ఆ చేతి గంజే తాగింది. అప్పుడు నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఉన్నది నువ్వొక్కడివే. మూసుకోలేను.

వచ్చెయ్యి. మురళి కారు తీసుకుని వస్తాడు. శ్రావణమాసం, భీమేశ్వరుడి దర్శనం చేసుకుందువుగాని. వారం రోజులు నా చేతి వంట తిను. కాకినాడలో డాక్టరుకి చూపిస్తాను. నువ్వు రానంటే నేనే వచ్చి మీ వంటింట్లో కూర్చుంటాను. ఏది నయమో ఆలోచించుకో.

అక్క


నడిపిలంక,
సెప్టెంబరు 1.

అక్కయ్యకి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బాగున్నాను. రెండో రోజుకే తల తేలికపడింది. మూడో రోజు మేడ మీద మురళి పాత క్రికెట్ వికెట్ తీసుకుని తిప్పాను. నువ్వు కుర్చీ వేసుకుని కూర్చుని, పక్క మేడ వాళ్ళని ఇటు చూడొద్దని కసిరావు. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తోంది.

డాక్టరు గుండె, రక్తం, షుగరు అన్నీ చూసి ఏమీ లేదన్నాడు కదా. వయసు అన్నాడు. సరే అనుకుని వచ్చాను. ఇక్కడ పడుకున్న మొదటి రాత్రే, తెల్లారేసరికి మళ్ళీ అదే తల, అవే కాళ్ళు. వయసు నాకు ఒక్క నడిపిలంకలోనే ఎలా వస్తుంది. నాకు తెలియటం లేదు.

ఒక సంగతి చెప్పాలి. అక్కడ ఉండగా నోరు రాలేదు.

నా కళ్ళకి పొర వచ్చింది. అలవాటు మీద రాయగలను గాని, నీ అక్షరాలు చదవలేను. నీ ఉత్తరాలు నాకు చదివి వినిపించేది రామతులసి. వంట పలచన అన్నదీ తనే చదివింది. పిల్లికి పాలు ఎవరు పోసేవారన్నదీ తనే చదివింది. ఎక్కడా ఆగలేదు. గొంతు మారలేదు. ఆఖరిదాకా చదివి, మడిచి నా జేబులో పెట్టి, "జావ ఇప్పుడు తాగుతారా, మీ అక్కయ్యగారింటికి వెళ్ళాక తాగుతారా" అని అడిగింది. ఇప్పుడే తాగుతానన్నాను. తాగాను.

నువ్వు వంట బాగానే చేస్తావు. తనూ బాగానే చేస్తుంది. ఇకమీదట చూసుకుని రాయి.

చంద్రరావు


సామర్లకోట,
సెప్టెంబరు 9.

చంద్రానికి అక్క ఆశీస్సులు.

ఈ ఉత్తరం కూడా మీ ఆవిడే చదువుతుంది కాబట్టి చదవనీ. నేను చాటున ఒక మాట, ఎదట ఒక మాట అనే మనిషిని కాను. ఆవిడ చదువుతోందని తెలిస్తే కాస్త మెత్తగా రాసేదాన్నేమో గాని, రాయటం మాత్రం మానేదాన్ని కాదు.

నేను కళ్ళతో చూసింది చెబుతున్నాను. మా ఇంటికి వచ్చిన రోజు మురళి భుజం పట్టుకుని కారు దిగావు. మూడో రోజుకి మెట్లు ఎక్కి మేడ మీదికి నాకంటే ముందు వెళ్ళావు. మేడ మీద ఏమన్నావో గుర్తుందా. "అక్కయ్యా, ఈసారి వాహనం ముందు ఇంకో చుట్టు ఎక్కువ తిప్పుతాను" అన్నావు. చిన్నప్పుడు కూడా ఇంత పెద్ద మాట నీ నోట నేను వినలేదు. అక్కడికి వెళ్ళగానే మళ్ళీ పడ్డావు. ఇక్కడ లేనిది ఏదో అక్కడ ఉంది. తిండి కాకపోతే నీళ్ళు. నీళ్ళు కాకపోతే చెయ్యి. ఇంకేముంది, నువ్వే చెప్పు.

నీ కర్ర మీద నాకు బెంగ లేదు. కర్ర ఇంకొకరు తిప్పుతారు. నిద్రలో పోయిన ఆ పిల్లి నాకు రోజూ గుర్తొస్తోంది. నేను నీకన్నా పెద్దదాన్ని. నీ తరవాత నేను ఉండకూడదు.

ఇంకోసారి రా. ఆవిడని అక్కడే ఉండమను. నెమ్మదిగా, దసరాకి ఒక్కరోజు ముందు వెళ్దువుగాని. అప్పటికీ నువ్వు ఇక్కడ బాగుంటే ఇక అడగాల్సింది నేను కాదు, నువ్వు.

అక్క


నడిపిలంక,
సెప్టెంబరు 17.

అక్కయ్యకి నమస్కారాలు.

మొన్న రామాలయం వీధిలో తాలింఖానా కుర్రాళ్ళు దసరాకి కర్రసాము సాధన మొదలుపెట్టారు. నేను మొదటి కర్ర తిప్పి చూపించాలి. తిప్పటం మొదలుపెట్టగానే కర్ర చేతిలోంచి జారి పడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. సత్తియ్య తీసి, నా చేతికి ఇవ్వకుండా తనే పట్టుకుని, ఎండగా ఉంది కూర్చోండి అన్నాడు. ఎండ లేదు. మబ్బు పట్టి ఉంది.

ఇంటికి వచ్చి రామతులసికి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. తను నీ ఉత్తరం మళ్ళీ తీసి తనలో తను చదువుకుంది. తరవాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"వదినగారు చెప్పింది నిజమేనండి. అక్కడ లేనిది ఇక్కడ ఏదో ఉంది. మీరు వెళ్ళండి. మీరు వచ్చేదాకా ఆ గదిలో నేను పడుకుంటాను. అదే మంచం, అదే కుంపటి. అచ్చం మీరు పడుకున్నట్టే. నా వంట నేను రోజూ తింటూనే ఉన్నాను, నాకేం కాలేదు. ఆ గదిలో ఒక్కదాంట్లోనే నేను పడుకోలేదు. నా చేతిలో ఉందో ఆ గదిలో ఉందో తేలిపోవాలి."

గదిలో ఏముంటుంది, కాయ తప్ప అన్నాను. ఏమీ లేకపోతే నాకేం కాదు కదా అంది.

వద్దని చెప్పాను. గట్టిగా చెప్పటం నాకు రాదు, నీకు తెలుసు. వానలు ఆగలేదు, నిప్పు ఆరిపోతే కాయకి బూజు పడుతుంది, ఎవరో ఒకరు చూడాలి అన్న మాట నిజమే అనిపించింది. కిటికీ సరిగా పడదు, ఎత్తి నొక్కి గడియ వెయ్యాలని చూపించాను. గోనె ఎలా కుక్కాలో చూపించాను. బొగ్గు ఎంత వెయ్యాలో చూపించాను. తను అన్నీ శ్రద్ధగా చూసింది.

శుక్రవారం మురళిని పంపు. వస్తాను.

చంద్రరావు


సామర్లకోట,
సెప్టెంబరు 29.

చంద్రానికి, రామతులసికి, అక్క రాస్తున్నది.

ఫోను చేస్తే ఉంది, ఫర్వాలేదు అని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తున్నావు. మీ అమ్మాయి పావని చేస్తే ఏడుపే తప్ప మాట రావటం లేదు. మురళిని అడిగితే, నిన్ను అమలాపురంలో ఆసుపత్రి గుమ్మం దగ్గర దించినప్పుడు చూసిందే చెబుతాడు. ముక్కుకి గొట్టం పెట్టి ఉంది, కళ్ళు తెరవలేదు అని. అక్కడే ఆగిపోతాడు. నువ్వు రాయి. ఎంత చిన్న ఉత్తరమైనా రాయి.

ఆ పొద్దున్న నుంచి నేను మేడ ఎక్కలేదు. నువ్వు కర్ర తిప్పుతున్నావు. నేను కుర్చీలో కూర్చుని, చూశావా నా వంట అన్నాను. అంటూ ఉండగానే మురళి ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. వీరదుర్గట అన్నాడు. నువ్వు ఫోను చెవికి పెట్టుకుని, ఎడమ చెవికి మార్చుకుని, "కిటికీ తియ్యి, ముందు కిటికీ తియ్యి" అన్నావు. నేను నీ నోటి వెంట అంత పెద్ద గొంతు ఎప్పుడూ వినలేదు. అప్పటికి నీకూ ఏమీ తెలియదు కదా, కిటికీ మాట నీకు ఎలా వచ్చిందో.

కిటికీ మూసుకోమన్నది నేను. గోనె కుక్కమన్నది నేను. తరవాత అక్కడ ఉన్నది ఏంటో తేల్చుకోమని ఎగదోసిందీ నేనే. నేను అడిగినదానికి ఆవిడ జవాబు చెప్పటానికి ఆ గదిలోకి వెళ్ళింది.

రామతులసికి కళ్ళు తెరిచే ఓపిక వస్తే ఇది పావని చేత చదివించి వినిపించు. రామతులసీ, నీ చెయ్యి మంచిది. అమ్మ ఆ చేతి గంజి తాగే ఇంకొన్నాళ్ళు ఉంది. ఈ మాట నేను అమ్మ పోయిన రోజే అనాల్సింది.

దసరాకి కర్ర సంగతి అడగను.

సీతారామలక్ష్మి


నడిపిలంక,
అక్టోబరు 24.

అక్కయ్యకి నమస్కారాలు.

ఆలస్యమైంది. రాయటానికి కూర్చుంటే రాయలేకపోయాను. రామతులసిని ఇంటికి తెచ్చి పది రోజులు దాటింది. ఇప్పుడు వరసగా రాస్తాను.

నేను మీ ఇంటికి వచ్చాక మొదటి రెండు రాత్రులూ తను ఆ గదిలో పడుకుంది. తల నొప్పిగా ఉందని వీరదుర్గతో అందట. దొరికింది వీరదుర్గా, ఈ గదిలోనే ఉంది, ఇంకొక్క రాత్రి చూసి రూఢిగా చెబుతాను అందట. మూడో రాత్రి వాన ఎక్కువై కుంపట్లో ఇంకాస్త బొగ్గు వేసింది. తెల్లారి పాలకోసం వీరదుర్గ వచ్చేసరికి పాలు పితకని గేదె అరుస్తోంది. తలుపు లోపల గడియ. సత్తియ్యని పిలిచి తలుపు విరగ్గొట్టారు. రామతులసి మంచం మీద లేదు. కిటికీ కింద పడి ఉంది. చెయ్యి కిటికీ చువ్వని పట్టుకునే ఉందట. తనకి తెలిసిపోయింది. లేచి అక్కడిదాకా వెళ్ళింది. ఆ గడియ ఎత్తి నొక్కితే గాని రాదు. అలా బిగించటం నేర్పింది నేనే.

బొగ్గు కుంపటి అని సత్తియ్య చెప్పగానే అమలాపురం డాక్టరుకి తెలిసిపోయింది. గాలి పోయే దారిలేని గదిలో బొగ్గు కాలితే విషగాలి పుడుతుందట. దానికి పొగ ఉండదు, వాసన ఉండదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుందట. మా నాన్న ఏళ్ళ తరబడి కాయకి నిప్పు పెట్టాడండీ, ఎవరికీ ఏమీ కాలేదు అన్నాను. పెంకుల కింద పెట్టారు, స్లాబు కింద పెట్టలేదు అన్నాడు. మరి ఇన్నాళ్ళూ నేనెలా ఉన్నానని అడిగాను. రాత్రిళ్ళు బయటికి లేస్తారా అని అడిగాడు. లేస్తానన్నాను. అందుకే ఉన్నారు అన్నాడు. ఆమెని ఇంకొక గంట ఆలస్యంగా చూసి ఉంటే తెచ్చి లాభం లేకపోయేది అన్నాడు.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన రోజు తనకి పావని పేరు వెంటనే రాలేదు. నన్ను చూసి చాలాసేపు ఆలోచించింది. మొదట అన్న మాట ఇది. "వదినగారికి రాయండి. నా చేతిలో ఏం లేదు. గదిలోనే ఉంది." అందుకని రాస్తున్నాను.

మతిమరుపు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నారు. పొయ్యి వెలిగించి ఎందుకు వెలిగించానని నన్ను అడుగుతోంది. పావని పాలకొల్లులో తన ఇంటికి వెళ్ళకుండా ఇక్కడే ఉంది. వంట పావనే చేస్తోంది. కాయ అంతా దించేశాను. అటక విప్పించాను. ఆ గదికి తలుపు మళ్ళీ పెట్టించలేదు. వీరదుర్గ వాళ్ళ కుంపటి ఆ రోజే కాలవలో పారేసిందట.

దసరాకి మొదటి కర్ర సత్తియ్య చేత తిప్పించాను. నేను ఆసుపత్రి మెట్ల మీద ఉన్నాను. డప్పులు అక్కడికి వినిపించాయి.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు దూరాన ఉన్నావు. బొగ్గు వేసింది నేను, పక్కనే పడుకున్నదీ నేను.

నీ ఉత్తరం రామతులసే చదివింది. పావని చదువుతానంటే ఇవ్వలేదు. ఎప్పుడూ ఆగకుండా చదివే మనిషి, నీ చెయ్యి మంచిది అన్నచోట ఆగింది. మళ్ళీ ఆ ముక్కే చదివింది. కాసేపటికి మళ్ళీ చదివింది. చదివింది మరిచిపోయి చదివిందో, ఇంకోసారి వినాలని చదివిందో నాకు తెలియలేదు.

నాకు ఓపిక పూర్తిగా వచ్చేసింది. చెప్పటానికి సిగ్గుగా ఉంది. పొద్దున్నే బస్కీలు తీస్తున్నాను. తనని అరుగు మీద కూర్చోబెడతాను. లెక్కపెడుతుంది. కొన్ని పెట్టాక ఆగి, నా వంక చూస్తుంది. ఎంతదాకా వచ్చిందో మరిచిపోతుంది. నాకు తెలిసినా చెప్పను. "మళ్ళీ మొదలెట్టండి" అంటుంది. మొదలెడతాను. మళ్ళీ తప్పుతుంది, మళ్ళీ మొదలెడతాను. ఎన్నిసార్లు మొదలెట్టినా ఇప్పుడు నా కాళ్ళు అలిసిపోవటం లేదు.

తమ్ముడు
చంద్రరావు